డైనమో మేస్త్రి

అంగడి షట్టరు సగం పైకెత్తి, పటానికి ఊదిబత్తి ముట్టిస్తా ఉంటే మేస్త్రి భార్య వచ్చి కౌంటరు ముందర నిలబడింది.

"ఈ పొద్దు కుర్చీ బయటికేసే పని లేదు పాపా," అనింది.

"ఏమక్కా, పానం బాగలేదా?"

"పోయినాడు. తెల్లారి చూస్తే సల్లగుండాడు."

ఆ మాట చెప్పి, పైన వేలాడే ఫ్యాను బెల్టుల వైపు కాసేపు చూస్తా ఉండిపోయింది. తర్వాత, "కొళాయి వచ్చే టైము. నీళ్లు పట్టుకోని అందరికీ చెప్పాల," అని వెళ్లిపోయింది.

నాకు ఏడుపు రాలేదు. ఆయన కోసం ఏడ్చేవాళ్లు ప్రొద్దుటూరులో ఎవరైనా ఉన్నారని కూడా నేననుకోను. అయినా ఆ రోజు మా వీధిలో ఎవరు బండి బోనెట్టు ఎత్తినా, ఆ ఎత్తినవాడు ఒకసారి వెనక్కి తిరిగి చూసి మరీ చెయ్యి లోపల పెట్టినాడు. నోరు పడిపోయి ఇన్నేళ్లయినా ఆ మనిషి భయం అట్లాంటిది.

జమ్మలమడుగు రోడ్డులో మాది స్పేర్ పార్టుల అంగడి. మా నాయన పెట్టింది. నాయన తర్వాత అన్నదమ్ములెవరూ లేక నేను కూర్చున్నాను. నా భర్త మెయిన్ బజారులో బంగారంగట్లో పని చేస్తాడు. మా అంగడికి ఆనుకునే మేస్త్రి రేకుల షెడ్డు. రెంటికీ నడుమ ఒక సిమెంటు స్తంభం. బండలు మోసే లారీలు, పులివెందుల నుంచి చీనీకాయలు తెచ్చే ఆటోలు, ఊళ్లు తిరిగే వ్యాన్లు, వేటికి కరెంటు చెడినా ఆ షెడ్డుకే రావాలి. లైట్లు, హారన్లు, సెల్ఫ్ మోటార్లు అన్నీ చేసేవాడు గాని, ఆయనకు పేరొచ్చింది ఆల్టర్నేటర్ పనిలో. ఇంజను తిరిగేటప్పుడు బ్యాటరీకి కరెంటు నింపేది అదే. మా పక్క డ్రైవర్లు దాన్ని ఇప్పటికీ డైనమో అనే అంటారు. అందుకని ఆయన్ను డైనమో మేస్త్రి అనేవాళ్లు. అసలు పేరు చాలామందికి తెలియదు. నేనూ ఇక్కడ చెప్పను.

మనిషి సన్నగా, పొడవుగా, ఎప్పుడూ తెల్ల చొక్కా వేసుకుని ఉండేవాడు. కరెంటు మేస్త్రి తెల్ల చొక్కా వేసుకోవడం ఎక్కడైనా చూశారా? దాని మీద సాయంత్రానికి కూడా ఒక్క మరక ఉండేది కాదు. పనివాళ్లు మాత్రం మసిలో మునిగి ఉండేవాళ్లు. ఆయన జేబులో వేయించిన శెనక్కాయలు పోసుకుని, ఒక్కొక్కటే వొలుచుకుని తింటా, వాళ్ల వెనక నిలబడి చూసేవాడు. చూడటమే ఆయన పని. చెప్పడం కాదు.

డైనమో వెనక ఒక లావు వైరు, రెండు సన్న వైర్లు ఉంటాయి. లావుది బ్యాటరీ ప్లస్సుకు పోతుంది. సన్నవాట్లో ఒకటి, బ్యాటరీకి కరెంటు ఎక్కకపోతే డ్రైవరు ముందర వెలిగే ఎర్ర లైటుకు, ఇంకొకటి తాళంచెవికి. ఇంతే. పక్కన కూర్చుని కూర్చుని నాకే వచ్చేసింది ఈ పాఠం. కానీ ఆయన దగ్గర చేరినవాడికి ఇది నోటితో ఎప్పుడూ చెప్పలేదు. వాడు లైటుకివ్వాల్సిన వైరును నేరుగా బ్యాటరీకి బిగిస్తా ఉంటే, వెనక నిలబడి శెనక్కాయలు తింటా చూసేవాడు. తాళం తిప్పి, లోపల రెగ్యులేటరు కాలి, పొగ వాసన వచ్చేదాకా నోరు తెరిచేవాడు కాదు. అప్పుడు తెరిచేవాడు.

"ఏంది అబ్బీ, వంట చేస్తాండావా? ఉప్పు సరిపోయిందా?"

రోడ్డు మీద పోయేవాళ్లు కూడా నిలబడి నవ్వేవాళ్లు. ఎవరైనా, "ముందే చెప్తే పోతాది గదా మేస్త్రీ," అంటే ఆయన దగ్గర తయారుగా ఒక మాట ఉండేది. "నోటితో చెప్తే చెవిలో ఉంటాది. కాలితే చేతిలో ఉంటాది."

ఆ పద్ధతి పనివాళ్లకే అనుకోవద్దు. ఒకసారి ఎండాకాలం మిట్టమధ్యాహ్నం చక్రాయపేట నుంచి ఒక డ్రైవరు కారు తెచ్చినాడు. వెనక సీట్లో ఆడోళ్లు, ఒళ్లో పసిబిడ్డ. ఎర్ర లైటు ఆరడం లేదని చెప్పినాడు. మేస్త్రి బోనెట్టులోకి వంగి చూసి, లావు వైరు మీదుండే నట్టును వేలితో తిప్పినాడు. అది వదులుగా ఉంది. స్పానరుతో ఒక్క తిప్పు తిప్పితే అయిపోయే పని.

"దీన్ని ఇంతకముందు ఎవురు చూసిరి?" అని అడిగినాడు.

డ్రైవరు వేంపల్లెలో ఎవరో చూశారని చెప్పినాడు.

"అట్లయితే ఆ వేంపల్లె ఆయప్ప కాడికే పో. ఒగడు తిని వదిలిన ఆకులో నేను తినను."

డ్రైవరు బతిమాలినాడు. వెనకుండే పెద్దావిడ దిగొచ్చి చేతులు పట్టుకోబోయింది. మేస్త్రి బోనెట్టు మూసి, తెల్ల చొక్కా దులుపుకుని లోపలికి పోయినాడు. కారు కొంతదూరం పోయి ఆగిపోయింది. దాన్ని తోసుకుంటా పోయినారు. ఆయన గుమ్మంలో నిలబడి అది కనుమరుగయ్యేదాకా చూసినాడు.

నన్ను కూడా వదల్లేదు. నాకు పిల్లలు లేరు. చూపించుకోని ఆసుపత్రి లేదు, మొక్కని దేవుడు లేడు. అది తెలిసీ ఒకరోజు నా కౌంటరు ముందర నలుగురు డ్రైవర్లు ఉండగా అన్నాడు.

"శెట్టెమ్మ అంగట్లో లేని పార్టు లేదప్పా. ఇంట్లో మాత్రం ఒక్క పార్టూ తయారు కాకపాయె."

నలుగురిలో ముగ్గురు నవ్వినారు. నేను ఆయన అడిగిన కార్బన్ బ్రష్‌లు కాగితంలో చుట్టి ఇచ్చినాను. ఆ రోజు నుంచి ఆయనతో వ్యాపారానికి అవసరమైన మాట తప్ప ఇంకో మాట మాట్లాడలేదు. ఆయన అది గమనించినాడో లేదో కూడా తెలియదు.

ఇట్లాంటి మనిషి దగ్గరికి సింహాద్రిపురం వైపు నుంచి ఓబులేసు వచ్చి చేరినాడు. పని నేర్చుకునే వయసు దాటిపోయినవాడు. పెండ్లయి, బిడ్డలుండేవాడు. గొర్రెలు మేపుకునే ఇల్లు. వరసగా వానలు లేక, మేత లేక మంద అమ్ముకున్నాడు. చేతిలో ఏదో ఒక విద్య ఉండాలని వచ్చినాడు. పెద్ద పెద్ద చేతులు, నిదానమైన మనిషి. మాట అడిగితే కాసేపు ఆలోచించి గాని చెప్పడు. మేస్త్రికి అట్లాంటివాడు దొరకడమే పండగ.

"వీడు గొర్రెల్ని లెక్కపెట్టినట్లు వైర్లను లెక్కపెడతాండాడు సూడప్పా," అనేవాడు వచ్చినవాళ్లతో. "ఓబులేసూ, ఏ వైరు యాడికో ఆ గొర్రెనే అడుగు, చెప్తాది."

ఓబులేసు తల వంచుకుని పని చేసేవాడు. కాల్చుకున్నాడు, తిట్లు తిన్నాడు, మళ్లీ బిగించినాడు. మిగతావాళ్లు రెండు మూడు నెలలకే పారిపోయేవాళ్లు. ఇతను పోలేదు. పోవడానికి వెనక మంద లేదు.

ఒకరోజు ఓబులేసు భార్య ఊరినుంచి వచ్చింది. బిడ్డకు జ్వరమని, డాక్టరుకు చూపించి, మొగుణ్ని చూసిపోదామని షెడ్డుకు వచ్చింది. కొత్త చీర కట్టుకుంది. బిడ్డను భుజాన వేసుకుని, రోడ్డు పక్కన వేపచెట్టు కింద నిలబడి కొంగుతో మొగం తుడుచుకుంటా ఉంది. ఓబులేసు అప్పుడు ఒక జీపు డైనమోకు వైర్లు బిగిస్తా ఉన్నాడు. భార్యను చూసిన తత్తరలో రెండు సన్న వైర్లూ ఒకదాని చోట ఒకటి పెట్టినాడు. మేస్త్రి చూసినాడు. ఆ రోజు పొగ వచ్చేదాకా కూడా ఆగలేదు. నేరుగా ఆమె వైపు తిరిగినాడు.

"ఏమ్మా, ఈయప్పకు ఇంట్లోనన్నా తెలుస్తాదా, యాడ ఏది పెట్టాల్నో?"

వీధి వీధంతా నవ్వింది. ఆమెకు మొదట అర్థం కాలేదు. అందరూ నవ్వుతా ఉన్నారని తానూ మర్యాదకు కొంచెం నవ్వింది. తర్వాత అర్థమయింది. ఆ నవ్వు ఆమె మొగం మీద ఎట్లా ఆగిపోయిందో నేను చూసినాను. బిడ్డను ఇంకో భుజానికి మార్చుకుని, మొగుడితో ఒక్క మాట మాట్లాడకుండా బస్టాండు వైపు నడిచింది. ఓబులేసు చేతిలో స్పానరు అట్లనే ఉంది. ఆమె వెనకే పోలేదు. వైర్లు రెండూ విప్పి, సరిగ్గా బిగించినాడు. ఆమె మళ్లీ ఎప్పుడూ ప్రొద్దుటూరు రాలేదు.

అప్పటినుంచి ఓబులేసు ఒక్క తప్పు కూడా చెయ్యలేదు. మేస్త్రి వెనక నిలబడి ఎన్ని శెనక్కాయలు తిన్నా తప్పు దొరికేది కాదు. అది మేస్త్రికి నచ్చలేదని నాకు తెలిసేది.

మేస్త్రి భార్య సంగతి కూడా చెప్పాలి. షెడ్డు వెనకనే ఇల్లు. నడుమ ఒక రేకు తలుపు. ఆమెను ఆయన పేరుతో పిలవడం నేను వినలేదు. అన్నం కావాలన్నా, నీళ్లు కావాలన్నా, చొక్కా కావాలన్నా స్టీలు గ్లాసుతో పళ్లెం మీద కొట్టేవాడు. ఆ సప్పుడు మా అంగట్లోకి వినపడేది. కూర నచ్చకపోతే తిట్టేవాడు కాదు. లేచిపోయి, గిన్నె గిన్నెంతా బయట కొళాయి కింద పెట్టి నీళ్లు వదిలేవాడు. ఆ నీళ్లు తెల్లగా, పసుప్పచ్చగా కాలవలోకి పోతా ఉంటే, ఆమె తలుపు పట్టుకుని చూస్తా నిలబడేది. తర్వాత వచ్చి గిన్నె కడుక్కునేది.

ఒక పొద్దున ఆ గ్లాసు సప్పుడు రాలేదు. మంచం మీదనుంచి లేవబోయి కింద పడినాడు. కుడి చెయ్యి, కుడి కాలు పోయినాయి. మాట పోయింది. ఆసుపత్రిలో కొన్నాళ్లుంచుకుని, ఇంక ఇంతేనని పంపేసినారు. మాట పోయింది గాని తెలివి పోలేదు. కండ్లు అట్లనే ఉన్నాయి. తప్పు వెతికే కండ్లు.

షెడ్డు ఓబులేసు తీసుకున్నాడు. బాడుగకిస్తానని మేస్త్రి భార్యే పిలిచి అడిగింది. ఓబులేసు ఒప్పుకుని, ఒక్కటే కోరినాడు.

"మేస్త్రిని లోపల ఎందుకు పండబెట్టేది అక్కా? పొద్దన తెచ్చి షెడ్డులో కూర్చోబెట్టు. పని కండ్లముందర జరగతాంటే ఆయప్పకు మనసు బాగుంటాది."

ఊరంతా మెచ్చుకుంది. ఎన్ని మాటలు పడినాడో పాపం, అయినా గురుభక్తి చూడండని చెప్పుకున్నారు. రోజూ పొద్దున ఆమె మొగుడికి స్నానం చేయించి, తల దువ్వి, మొగానికి పౌడరు రాసి, తెల్ల చొక్కా తొడిగి, షెడ్డు గుమ్మంలో చేతుల కుర్చీ వేసి కూర్చోబెట్టేది. ఒళ్లో ఆ స్టీలు గ్లాసు పెట్టేది. కుర్చీ చేతికి దానితో ఒకసారి కొడితే నీళ్లు. గట్టిగా కొడితే లోపలికి తీసుకుపోవాలి. ఆయన ఎడమ చెయ్యి అంతవరకు పనిచేసేది.

రెండో రోజో మూడో రోజో నాకు అర్థమయింది అక్కడ ఏం జరుగుతా ఉందో.

ఓబులేసు ఒక ఆటోకు డైనమో బిగిస్తా, మేస్త్రికి బాగా కనపడేలా పక్కకు జరిగినాడు. సన్న వైరు ఎత్తి చూపించినాడు.

"మేస్త్రీ, ఇది యాడికి? లైటుకా, బ్యాటరీకా?"

మేస్త్రి నోరు ఒక పక్కకు లాగింది. "అ... అ..." అన్నాడు.

"బ్యాటరీకా? సరే, మీరు చెప్పినాక ఇంగేముంది." అని తీసుకుపోయి బ్యాటరీకి బిగించినాడు.

మేస్త్రి గ్లాసుతో కుర్చీని కొట్టినాడు. మళ్లీ కొట్టినాడు. కండ్లు బయటికొచ్చినాయి. చొంగ కారి తెల్ల చొక్కా మీద పడింది. మొదటిసారి ఆ చొక్కా మీద నేను చూసిన మరక అదే. ఓబులేసు తాళంచెవి మీద చెయ్యి పెట్టి, ఆయన మొగంలోకి చూస్తా నిలబడినాడు. ఇంకొక్క క్షణంలో తిప్పుతాడనగా, చెయ్యి తీసి, నిదానంగా వైరు విప్పి సరైన చోట పెట్టినాడు. పక్కనుండే పనివాడు నవ్వినాడు. బండి తెచ్చిన డ్రైవరూ నవ్వినాడు. ఆ డ్రైవరు కూడా ఒకప్పుడు మేస్త్రి మాటలు పడినవాడే.

అది రోజూ జరిగేది. ఒకప్పుడు ఆయన దగ్గర పని వదిలేసి పారిపోయినవాళ్లు కూడా జమ్మలమడుగు నుంచి, ఎర్రగుంట్ల నుంచి ఏదో పనిమీద ఊళ్లోకొస్తే షెడ్డు కాడ ఆగి, "ఏం మేస్త్రీ, బాగుండావా? ఈ నట్టు ఇట్ల తిప్పాల్నా, అట్ల తిప్పాల్నా?" అని అడిగి పోయేవాళ్లు. ఒకడు శెనక్కాయలు కొనుక్కొచ్చి ఆయన ముందర నిలబడి వొలుచుకుని తిన్నాడు. నేను నవ్వలేదు. అట్లాగని అంగట్లో లోపలికీ పోలేదు.

అయినా ఒకరోజు ఆయన గ్లాసు కొట్టి కొట్టి ఎడమ చేతి వేళ్లు వాచిపోయినాయి. అది చూసి నాకు మనసు ఆగలేదు. సాయంత్రం ఆయన్ను లోపలికి తీసుకుపోయినాక, రేకు తలుపు దగ్గరికి పోయి ఆమెను పిలిచినాను.

"అక్కా, ఓబులేసు భక్తితో కూర్చోబెట్టుకోలేదు ఆయప్పను. ఏడిపిస్తాండాడు. నీకు తెలియదేమో."

ఆమె బియ్యం చెరుగుతా ఉంది. చాట ఆపలేదు.

"నాకెందుకు తెలీదు? ఈ తలుపు సందులోంచి రోజూ చూస్తాండా."

"మరి చూస్తా ఊరికున్నావా?"

"నేను వండిన కూర కాలవలో పోతాంటే ఎన్నేండ్లు చూస్తిని పాపా. అప్పుడు ఈ వీధిలో ఒగరన్నా వచ్చి నీకు తెలీదేమో అన్యారా నాతో?"

ఆమె చాటలో రాయి ఏరి పక్కన పడేసి, కొంచెం మెత్తగా అనింది.

"పొద్దన పౌడరు పూస్తాండానే, అప్పుడు ఆయప్ప కండ్లలో నీళ్లు తిరుగుతాయి, వొద్దని. మా అమ్మోళ్లింటికి పంపమని నేనేడ్చినప్పుడు ఎట్ల చూసెనో, నేనూ అట్లే చూస్తా. మళ్ల ఎత్తుకోని పోయి కూర్చోబెడతా."

నేను ఇంటికొచ్చేసినాను. ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు.

ఓబులేసుకు పని బాగా కుదిరింది. మెయిన్ బజారులో, నా భర్త పనిచేసే అంగట్లోనే ఒక లావుపాటి ఉంగరం చేయించుకున్నాడు. తెచ్చి మేస్త్రి మొగం ముందర చెయ్యి తిప్పి తిప్పి చూపించినాడు. ఉంగరం, గడియారం ఉండే చేతిని మేస్త్రి ఎప్పుడూ బండి దగ్గరికి రానిచ్చేవాడు కాదు. ఓబులేసు తియ్యకుండా పని చేసేవాడు, ఆయన చూడాలనే.

వారం తిరక్కముందే పులివెందుల నుంచి ఒక వ్యాను వచ్చింది. పెండ్లివాళ్లను తీసుకుపోవాలని డ్రైవరు తొందరపెడుతున్నాడు. ఆ వ్యానుకు ఇంజను ముందు సీట్ల కింద ఉంటుంది. బ్యాటరీ డ్రైవరు సీటు కింద. మేస్త్రి కుర్చీ ఆ పక్కనే. లావు వైరు మీద చెయ్యి వేసే ముందర బ్యాటరీ మైనస్ వైరు విప్పాలి, లేకుంటే దాంట్లో కరెంటు ఉంటూనే ఉంటుంది. ఆ పనిలో మొదటి అక్షరం అదే. ఓబులేసు తన పనివాణ్ని ఆ మైనస్ విప్పమని చెప్పి, డ్రైవరుతో మాట్లాడతా ఉన్నాడు. పనివాడు సీటైతే ఎత్తినాడు. ఇంతలో వైరుకొనకు బిగించే ఇత్తడి థింబుల్ లేదని గుర్తొచ్చి, ముందు అది తెద్దామని మా అంగడికి వచ్చినాడు.

వాడు నా కౌంటరు ముందర సైజు చూసుకుంటా ఉన్నాడు. వాడి భుజం మీదుగా నాకు షెడ్డు కనపడుతుంది. ఓబులేసు అవతలి తలుపులోంచి ఇంజను మీదికి వంగినాడు. చేతిలో స్పానరు. తల ఎత్తి ఒకసారి మేస్త్రి వైపు చూసినాడు, ఏదో అన్నాడు. రోడ్డు మీద లారీ పోతా ఉంటే నాకు వినపడలేదు. రోజూ ఉండే ఆటే గదా అనుకున్నాను. నాకు స్తంభం అడ్డం. మేస్త్రి తల కనపడలేదు. ఒళ్లో గ్లాసు, దాని మీద ఎడమ చెయ్యి కనపడతా ఉన్నాయి. ఆ చెయ్యి కదల్లేదు. సన్న వైరు తప్పు పెడితేనే కుర్చీ విరిగేలా కొట్టే మనిషి, ఆ రోజు గ్లాసు ఎత్తలేదు.

ఓబులేసు స్పానరు లావు వైరు నట్టు మీద వేసినాడు. ఉంగరం ఒక పక్క స్పానరుకు, ఇంకో పక్క ఇంజను ఇనుముకు తగిలింది. బ్యాటరీలో కరెంటంతా ఆ ఉంగరంలోంచి పోయింది. ఇదంతా తర్వాత తెలిసింది. అప్పుడు నాకు కనపడింది ఒక మెరుపు, వినపడింది ఓబులేసు అరుపు. అట్లాంటి అరుపు అంత పెద్ద మనిషి నోట్లోంచి వస్తుందని నేననుకోలేదు. ఉంగరం ఎర్రగా కాలి, వేలిలోకి దిగిపోయింది. లాగితే రాదు. నీళ్లు పోసినారు. మాంసం కాలిన వాసన మా అంగట్లోకి వచ్చింది. డ్రైవరు, పనివాడు కలిసి ఆటోలో ఎక్కించి ఆసుపత్రికి తీసుకుపోయినారు.

అందరూ పోయి, షెడ్డు కాడ ఎవరూ లేనప్పుడు గ్లాసు సప్పుడయింది. ఒక్కసారే. ఆమె రేకు తలుపు తీసుకుని వచ్చి, చెంబుతో నీళ్లు తాపింది.

వేలు తీసేసినారు. వీధిలో అందరూ ఒకే మాట అన్నారు. "పాపం, మేస్త్రికి నోరుండింటే ముందే చెప్పుండు."

ఓబులేసు మళ్లీ ఆ షెడ్డుకు రాలేదు. కట్టు ఉండగానే సామానంతా తీసుకుని పులివెందులకు పోయి, అక్కడ సొంతంగా పెట్టుకున్నాడు. షెడ్డుకు తాళం పడింది. ఆమె మాత్రం అలవాటు ప్రకారం రోజూ పొద్దున కుర్చీ వేసి, మొగుణ్ని మూసిన షట్టరు ముందర కూర్చోబెట్టేది. ఆయన ఎదురుగా ఏమీ లేదు. చెడగొట్టేవాడు లేడు, అడిగేవాడు లేడు. పారిపోయిన పాత పనివాళ్లు కూడా రావడం మానేసినారు. రోడ్డు మీద బండి సప్పుడు తేడాగా వినపడితే తల తిరిగేది, అంతే. మెల్లగా అదీ ఆగింది. గ్లాసు కొట్టడం ఆగింది. ఆమె నోట్లో పెట్టిన ముద్ద అట్లనే ఉండేది. మింగమని చెంప మీద వేలితో తడుతుండేది. ఓబులేసు రోజూ ఏడిపించినన్నాళ్లు ఈ మనిషి శుభ్రంగా తిన్నాడే అని నాకు అనిపించింది. ఎండనక, వాననక ఆ షట్టరు ముందర ఎండిపోయినాడు. ఆఖరికి ఒక రాత్రి నిద్రలో పోయినాడు.

మధ్యాహ్నానికి నేను అంగడి మూసి పోయినాను. వసారాలో చాప మీద పడుకోబెట్టి ఉన్నారు. తెల్ల చొక్కానే తొడిగింది. వచ్చినవాళ్లు తక్కువ. వచ్చినవాళ్లు కూడా దండ వేసి, బయట రోడ్డు మీదికి పోయి ఫోన్లు చూసుకుంటా నిలబడినారు. ఎవరో చెప్తే పులివెందుల నుంచి ఓబులేసు వచ్చినాడు. జుట్టు నెరిసింది. చేతిలో దండ లేదు. మేస్త్రి కాళ్ల దగ్గర కాసేపు నిలబడి, వచ్చి గోడకానుకుని నా పక్కన కూర్చున్నాడు.

"బాగుండావా ఓబులేసూ? పని ఎట్లుండాది?"

"బాగుండాదక్కా. ఇద్దరు పనోళ్లను పెట్టుకున్యా."

ఓబులేసు చెయ్యి మోకాలు మీద ఉంది. లేని వేలి చోటు నున్నగా మెరుస్తా ఉంది. ఎన్నాళ్లుగానో మనసులో ఉండేది అడిగేసినాను.

"అంత పనోడివి. మైనస్ తీసినారో లేదో చూసుకోకుండా ఎట్ల చెయ్యి పెడితివయ్యా?"

ఎప్పటిలాగే కాసేపు ఆలోచించినాడు.

"అడిగినా అక్కా."

"ఎవుర్ని?"

గడ్డంతో చాప వైపు చూపించినాడు.

"నాకు అవతలి పక్కనించి బ్యాటరీ కనపడల్యా. ఆయప్పకు ఎదురుగానే ఉండాది. మేస్త్రీ, మైనస్ తీసినారా అని అడిగినా. ఆటకు కాదు. నిజంగానే అడిగినా ఆ ఒక్కసారి. ఆయప్పకు తెల్సు అది నిజంగా అడిగేదని. నా కండ్లలోకి చూసినాడు. చూసి, అవునని తలకాయ ఊపినాడు."

రోడ్డు మీద ఎవరిదో ఫోను మోగింది.

మేస్త్రి తల దగ్గర కూర్చుని ఈగలు తోలుతా ఉండే ఆమె, చేతిలో గుడ్డ ఆపకుండానే, మా వైపు చూడకుండానే అనింది.

"ఆ పొద్దు అన్నం మారు పెట్టించుకున్యాడు."